డీజిల్ ముల్లు, కొలత పుల్ల: అనంతపురం మెట్టదారుల్లో పాత జీపుల ఇంధన లెక్క

ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా పెద్ద జిల్లాగా ఉండేది. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డగించడం వల్లనూ, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోవడం వల్లనూ, ఈ పీఠభూమి మీద సాలీనా కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. విశాలమైన మెట్టభూములు, ఎడమెడంగా విసిరినట్టుండే ఊళ్లు, గరుసు నేల మీద వేసిన కంకర దారులు, దశాబ్దాల పాటు పట్టణాలకూ ట్రంకు రోడ్డుకూ పరిమితమైన పెట్రోలు బంకులు కలిసి ఇక్కడ మోటారు వాహనం నడిపేవారికి ఒక ప్రత్యేకమైన చింతను తెచ్చిపెట్టాయి. ట్యాంకులో ఇంకా ఎంత చమురు మిగిలి ఉందన్నదే ఆ చింత. దానికి జవాబు చెప్పవలసిన పరికరం వాహనం ముందుపలక మీద ఉండే చిన్న గేజి. పాత జీపులలో, జీపు పునాది మీద కట్టిన పికప్ వాహనాలలో ముందుగా మొరాయించేవాటిలో అదొకటి కావడంతో, ఆ లోపాన్ని వెతికి పట్టుకునే పద్ధతీ, గేజి లేకుండానే లెక్క వేసుకునే పద్ధతీ రెండూ ఈ ప్రాంతపు మెకానిక్ షెడ్లలో, డ్రైవర్ల అలవాట్లలో ఒక విద్యగా స్థిరపడ్డాయి. పుస్తకాలకెక్కని ఈ విద్య రవాణా చరిత్రలో భాగంగా నమోదు కావలసినంత విలువైనది.

మోటారు వాహనాల తొలి దశలో ఇంధన గేజి అనేదే లేదు. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులో ట్యాంకు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, గీతలు గీసిన చెక్కపుల్లను లోపలికి దించి, ఎంతవరకు తడిసిందో చూసి నిల్వ తెలుసుకునేవారు. అదే సంస్థ 1927 చివరలో తెచ్చిన మోడల్ ఎ కారులో ట్యాంకు ముందుపలక వెనుకనే ఉన్నందువల్ల, చమురు మీద తేలే ఫ్లోటుకు అంకెల చక్రాన్ని నేరుగా తగిలించి డ్రైవరు కంటికి కనిపించేలా చేశారు. ట్యాంకు వాహనం వెనుక భాగానికి మారినప్పుడు మాత్రం దూరం నుంచి మట్టాన్ని తెలిపే సాధనం అవసరమైంది. అమెరికాలోని కింగ్-సీలీ సంస్థ తయారుచేసిన టెలిగేజి ఆ అవసరాన్ని ఒక సన్నని గొట్టంలోని గాలి ఒత్తిడితో తీర్చింది. ట్యాంకులో చమురు బరువు గొట్టంలోని గాలిని నొక్కితే, ఆ ఒత్తిడికి ముందుపలక మీది గాజునాళంలో ఎర్రటి ద్రవం పైకి లేచేది. గొట్టంలో ఎక్కడ చిన్న చీలిక వచ్చినా గాలి తప్పించుకుని లెక్క మొత్తం తప్పేది కనుక, కుదుపులెక్కువైన దారులకు ఈ ఏర్పాటు అనువైనది కాదు. విద్యుత్తుతో పనిచేసే గేజి క్రమంగా దాన్ని పక్కకు నెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధకాలం ఈ కథలో ఒక విచిత్రమైన విరామం. 1941లో పెట్రోలుకు రేషను విధించాక మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రైవేటు బస్సులు చాలావరకు బొగ్గును కాల్చగా వచ్చే ప్రొడ్యూసర్ గ్యాసుతో నడిచాయి. కొలిమి వంటి పెద్ద డబ్బాను వెనుక తగిలించుకుని తిరిగిన ఆ బొగ్గు బస్సులను తెలుగు జిల్లాల పెద్దలు చాలా కాలం గుర్తుంచుకున్నారు. ఆ రోజుల్లో నిల్వను చెప్పింది ముల్లు కాదు; క్లీనరు కంటికి కనిపించే బొగ్గు సంచులే.

యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వదిలించుకున్న మిగులు వాహనాలు దేశమంతటా అమ్మకానికి వచ్చాయి. 1945లో ప్రారంభమై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ 1947లోనే విడిభాగాలుగా దిగుమతి చేసుకున్న విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చి అమ్మడం మొదలుపెట్టింది. ఆ తరువాత సిజె-3బి నమూనా దశాబ్దాల పాటు భారతీయ జీపుకు ప్రతిరూపంగా నిలిచింది. యుద్ధకాలపు విల్లీస్ జీపులో సుమారు 57 లీటర్లు పట్టే ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉండేది, బ్యాటరీ 6 వోల్టులది. ఈ రెండు సంగతులూ తరువాతి మరమ్మతుల చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ట్యాంకు సీటు కిందనే ఉండటం వల్ల ముల్లు పాడైనా పుల్లతో కొలవడం సులువైంది. 6 వోల్టుల ఏర్పాటును 12 వోల్టులకు మార్చుకున్నవారు గేజిని పట్టించుకోకపోతే మాత్రం, దాని లోపలి తీగచుట్ట కాలిపోవడమో, ముల్లు ఉన్నదానికి మించి ఎగబాకడమో జరిగేది.

అనంతపురం పల్లెలకు జీపును పరిచయం చేసిన ఘనత రైతులకన్నా ప్రభుత్వానిదే ఎక్కువ. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస కార్యక్రమం మొదలైనప్పటి నుంచి బ్లాకు అభివృద్ధి అధికారికి జీపు విడదీయరాని పనిముట్టయింది. 1959 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత, 1986లో మండల వ్యవస్థ వాటి స్థానంలోకి వచ్చేదాకా, జనం నోట అది ‘సమితి జీపు’గా నిలిచింది. కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం 1973-74లో ప్రారంభమై అనంతపురానికీ వర్తించినప్పుడు, చెరువు గట్ల పనులు, ఊట కుంటలు, కరువు పనుల తనిఖీలు పెరిగి వాహనాల తిరుగుడూ పెరిగింది. ప్రతి ప్రభుత్వ జీపుకూ ఒక లాగ్ బుక్కు ఉండేది. బయలుదేరినప్పటి మీటరు అంకె, తిరిగి వచ్చినప్పటి అంకె, వెళ్లిన పని, పోయించుకున్న చమురు అందులో రాసి అధికారి సంతకం తీసుకోవాలి. ఇంధనం దుర్వినియోగం కాకుండా చూడటానికి పుట్టిన ఈ పుస్తకం, ముల్లు పనిచేయని జీపుల్లో అసలు గేజి బాధ్యతనే మోసింది. కిందటిసారి ఎంత పోశారో, అప్పటి నుంచి ఎంత దూరం తిరిగారో చూసుకుని మిగిలిన చమురును లెక్కగట్టే పద్ధతి డ్రైవర్లకు దాని నుంచే అలవడింది. స్పీడోమీటరు కేబులు కూడా తెగినచోట రోడ్డు పక్కన రాళ్లను లెక్కపెట్టుకోవడం తప్ప దారి లేదు.

ముల్లు ఎందుకు తప్పుతుందో తెలియాలంటే అది కదిలే తీరు ముందు తెలియాలి. ఈ ఏర్పాటులో మూడు భాగాలుంటాయి. మొదటిది ట్యాంకులో అమర్చే యూనిట్, అంటే చమురు మీద తేలే ఫ్లోటు, దానికి కట్టిన సన్నని కడ్డీ, ఆ కడ్డీ కదలికతో విద్యుత్తుకు అడ్డును పెంచుతూ తగ్గిస్తూ ఉండే నిరోధకపు తీగచుట్ట. రెండోది ముందుపలక మీది గేజి. ఈ రెండింటినీ కలిపే ఒంటి తీగ మూడోది. రెండో తీగ అవసరం లేకపోవడానికి కారణం, వాహనపు ఇనుప చట్రమే తిరుగు మార్గంగా పనిచేయడం. మెకానిక్కులు దీన్ని ఎర్తు అంటారు. గేజిలలోనూ రెండు జాతులున్నాయి. మొదటి జాతిలో రెండు తీగచుట్టలు ముల్లును చెరో వైపుకు లాగుతూ ఉంటే, ట్యాంకు నుంచి వచ్చే ప్రవాహాన్ని బట్టి వాటి బలాబలాలు మారి ముల్లు నిలుస్తుంది. రెండో జాతిలో రెండు లోహాలను అతికించిన పట్టీకి సన్నని వేడితీగ చుట్టి ఉంటుంది. ప్రవాహం పెరిగినకొద్దీ పట్టీ వేడెక్కి వంగి ముల్లును నెడుతుంది. తాళం తిప్పగానే చటుక్కున లేచి, గుంతల్లో చమురు తొణికినప్పుడల్లా ఊగే ముల్లు సాధారణంగా మొదటి జాతిది. తాళం తిప్పాక కొన్ని క్షణాలు ఆగి మెల్లగా పైకి పాకి, ఎగుడుదిగుడు దారిలోనూ నిలకడగా ఉండేది రెండో జాతిది. బ్యాటరీ వోల్టేజి హెచ్చుతగ్గులు ఈ వేడి గేజిని తప్పుదారి పట్టిస్తాయి కనుక దానికి వోల్టేజిని ఒకే మట్టంలో నిలిపే స్టెబిలైజరును జోడిస్తారు. చాలా వాహనాల్లో ఇంజను వేడిని చూపే గేజికీ అదే స్టెబిలైజరు కావడం, ముందు ముందు కనబడబోయే విధంగా, లోపం జాడ తీయడంలో పెద్ద ఆధారం.

ఈ పీఠభూమి వాతావరణం, దారులు, పొదుపు అన్నీ ట్యాంకు యూనిట్‌కు శత్రువులే. కంకర దారి ఎడతెగని వణుకుకు తీగల కొసలు వదులవుతాయి, ట్యాంకును చట్రానికి బిగించిన బోల్టులు సడలుతాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో హగరి నది ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతూ వచ్చిన సంగతి ప్రసిద్ధమే. అటువంటిచోట గాలిలోని సన్నని ఇసుక, దుమ్ము ప్రతి కనెక్షను మీదా పొరగా పేరుకుని ఎర్తును బలహీనపరుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం డబ్బు. కరువు ప్రాంతంలో ట్యాంకు నిండా చమురు పోయించుకునే స్తోమత కొద్దిమందికే ఉండేది. అవసరానికి ఐదో పదో లీటర్లు పోయించుకుంటూ తిరిగే జీపులో ఫ్లోటు ఎప్పుడూ అడుగుభాగంలోనే కదులుతుంది, దాంతో నిరోధకపు చుట్టలో ఆ కొద్దిపాటి భాగమే ఏళ్ల తరబడి రాపిడికి గురై అరిగిపోతుంది. అదే సమయంలో ట్యాంకు పైభాగపు లోగోడ గాలికి తెరుచుకుని ఉండి తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొడి అడుగుకు దిగి చెత్తగా మారుతుంది. అంటే కచ్చితమైన లెక్క ఎవరికి ఎక్కువ అవసరమో వారి వాహనంలోనే, సరిగ్గా ఆ చివరి లీటర్ల దగ్గరే గేజి ముందుగా అబద్ధమాడుతుంది. ఈ వ్యవహారంలో ఇంతకన్నా అన్యాయమైన అంశం మరొకటి లేదు.

అనుభవజ్ఞుడైన ఆటో ఎలక్ట్రీషియన్ లోపాన్ని వెతికే క్రమం దాదాపు అన్నిచోట్లా ఒకటే, దానికి తర్కబద్ధమైన పునాది ఉంది. ముందుగా తాళం తిప్పి మిగతా గేజిలను చూస్తాడు. ఇంధన ముల్లు, ఇంజను వేడిని చూపే ముల్లు రెండూ కలిసి తప్పు చూపుతుంటే అనుమానం ట్యాంకు మీదికి పోదు. ఫ్యూజు మీదికో, స్టెబిలైజరు మీదికో, ముందుపలక ఎర్తు మీదికో పోతుంది. ఇంధన ముల్లు ఒక్కటే తప్పితే ట్యాంకు దగ్గర తీగను ఊడదీస్తాడు. ఆ తీగ కొసను చట్రానికి ఒక్క క్షణం తాకిస్తే ముల్లు ఒక కొస నుంచి మరో కొసకు కదలాలి. కదిలితే గేజి, తీగ రెండూ బాగున్నట్టు, లోపం ట్యాంకు యూనిట్‌లోనో దాని ఎర్తులోనో ఉన్నట్టు. కదలకపోతే గేజి వెనుక కొస దగ్గర అదే పరీక్ష చేసి, అక్కడ ముల్లు కదిలితే మధ్యలో తీగ తెగిందని, అక్కడా కదలకపోతే గేజికి కరెంటు అందడం లేదనో గేజే పోయిందనో తేలుస్తాడు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ ప్రమాదం కనుక, జాగ్రత్త తెలిసినవారు తీగను నేరుగా తాకించక మధ్యలో చిన్న బల్బు పెట్టి ప్రవాహాన్ని తగ్గిస్తారు. వేడి గేజిలో సన్నని వేడితీగ మాడకుండా కాపాడేదీ అదే.

ఈ పరీక్షలో కొత్తవారిని తికమకపెట్టే మడత ఒకటుంది. వేడి గేజి ఉన్న వాహనంలో తీగను ఎర్తుకు తాకిస్తే ముల్లు నిండు వైపుకు పోతుంది, తీగ ఊడితే ఖాళీ చూపుతుంది. జంట చుట్టల గేజి ఉన్న పాత అమెరికన్, బ్రిటిష్ వాహనాలు అనేకంలో దీనికి సరిగ్గా తలకిందులుగా, ఎర్తుకు తాకిస్తే ఖాళీ, తీగ ఊడితే నిండు చూపుతుంది. కాబట్టి ఒక జీపులో ‘ఎప్పుడూ ఫుల్’ చూపే లోపం తీగ తెగిందని చెబితే, ఇంకో జీపులో అదే లోపం తీగ ఎక్కడో ఒరుసుకుపోయి చట్రానికి తగులుతోందని చెబుతుంది. ముల్లు ఎలా లేచిందో మొదట గమనించడం అందుకే.

లోపం ట్యాంకులోనే అని తేలాక ముందుగా ఎర్తు చూడాలి. యూనిట్ మూతకూ ట్యాంకుకూ నడుమ రబ్బరు లేదా కార్కు వాషరు ఉంటుంది, బిగించే స్క్రూలకు తుప్పు పడుతుంది, ట్యాంకుకు పెయింటు వేస్తే అదీ అడ్డే. మూత మీద ఒక స్క్రూ నుంచి చట్రానికి విడిగా చిన్న తీగ వేసి చూస్తే, చాలా సందర్భాల్లో రూపాయి ఖర్చు లేకుండా ముల్లు ప్రాణం పోసుకుంటుంది. దానికీ లొంగకపోతే యూనిట్ బయటికి తీసి, దాన్ని తీగకూ ఎర్తుకూ తగిలించి, కడ్డీని చేత్తో మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తారు. ముల్లు సాఫీగా కదలక ఒకచోట పడిపోతే అక్కడ చుట్ట అరిగినట్టు. బాగా కదిలినా ట్యాంకులో పెట్టాక ఖాళీయే చూపితే ఫ్లోటు మునుగుతున్నట్టు. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల చేరిన చమురు చప్పుడు చేస్తుంది. దాన్ని వేడినీటిలో ముంచితే బుడగలు వచ్చే చోటే రంధ్రం. చమురు వంపేసి ఆ చోట టంకం వేస్తారు. ట్యాంకే చిల్లుపడితే పని ఇంకా కష్టం. ఖాళీ పెట్రోలు ట్యాంకులో నిండి ఉండే ఆవిరి మంటకు పేలుతుంది కనుక దాన్ని నీళ్లతో నింపి, మరమ్మతు చేసే చోటు మాత్రమే పైకి తేలేలా పెట్టి అతికే పద్ధతి ఉంది. బిందె నీటికి బారులు తీరిన ఎండాకాలపు పట్టణాల్లో ఒక ట్యాంకెడు నీళ్లు కూడా మరమ్మతు ఖర్చులో భాగమే.

1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు జీపు నడపడం భారమై, పాత జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించుకోవడం దేశమంతటా పెద్ద వ్యాపారమైంది. మహీంద్రా సంస్థ కూడా 1979లో ఫ్రాన్సులోని ప్యూజో సంస్థతో ఎక్స్‌డిపి 4.90 డీజిల్ ఇంజను కోసం ఒప్పందం చేసుకుంది. ఆ ఇంజను బలంతోనే 1980ల జీపులు పల్లెదారుల్లో కిక్కిరిసిన ప్రయాణికులను మోశాయి. ఈ మార్పు ఇంధన ముల్లు విలువను పెంచింది. పెట్రోలు వాహనం దారిలో ఆగితే సీసాడు పెట్రోలు తెచ్చి పోస్తే కదులుతుంది. డీజిల్ వాహనం ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిస్తే ఇంధన గొట్టాల్లోకి గాలి చొరబడి, చమురు పోసినా ఇంజను అందుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ బుడగలు ఆగేదాకా గాలి తీసి, తరువాత ఇంజెక్టరు గొట్టాల నట్లు సడలించి ఇంజను తిప్పి మళ్లీ గాలి తీయాలి. కళ్యాణదుర్గం దారిలోనో మడకశిర దారిలోనో మిట్టమధ్యాహ్నం చేయవలసి వచ్చే ఈ పనికి భయపడే డ్రైవర్లు ముల్లును నమ్మడం మానేసి పుల్లను నమ్మారు.

ఆ పుల్ల తయారీ కూడా కొలత శాస్త్రమే. ట్యాంకు గోడలు అన్నిచోట్లా ఒకే వెడల్పున ఉండవు కాబట్టి, పుల్లను సమాన భాగాలు చేసి గీతలు పెడితే లెక్క తప్పుతుంది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, వాహనాన్ని చదును నేల మీద నిలిపి, ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ, ప్రతిసారీ పుల్ల దించి తడి గీత దగ్గర గాటు పెట్టాలి. ఇలా పెట్టిన గాట్ల ఎడం అడుగున ఒక రకంగా, నడుమ ఇంకో రకంగా ఉండటం చూసినవారికి, గేజిలోని ముల్లు సగం నుంచి పావుకు అంత తొందరగా ఎందుకు పడిపోతుందో కూడా అర్థమవుతుంది. గేజి చూపేది మట్టాన్నే కాని పరిమాణాన్ని కాదు. వాహనం వాలులో నిలిస్తే పుల్లా తప్పుతుంది, ముల్లూ తప్పుతుంది.

సరకుల రవాణాలో పికప్ వాహనం ప్రాముఖ్యం పెరిగింది కూడా ఈ డీజిల్ జీపుల కాలంలోనే. వేరుశనగ బస్తాలు, హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు చేరవేయడానికి లారీ ఎక్కువ, ఎద్దుబండి తక్కువ అయినచోట చిన్న ట్రక్కులు నిలదొక్కుకున్నాయి. ముఖ్యంగా పట్టుగూళ్లు పురుగు రెక్కలు తొడుక్కుని బయటపడేలోగా అమ్ముడు కావాలి కనుక దారిలో చమురు అయిపోవడం ఆలస్యంతో పోయేది కాదు, నష్టంగా మిగిలేది. 1980లలో జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్, 1986లో వచ్చిన టాటా 407 వంటి వాహనాలు కొత్త తరం గేజిలను తెచ్చాయి. 1970లలో కోయంబత్తూరులో మొదలైన ప్రికాల్ వంటి దేశీయ పరికరాల సంస్థల వల్ల ట్యాంకు యూనిట్ దుకాణంలో విడిభాగంగా దొరకడం మొదలయ్యాక, చుట్టను విప్పి తిరిగి చుట్టే, ఫ్లోటుకు టంకం వేసే పని తగ్గి, తీసి కొత్తది బిగించే పని పెరిగింది. లోపం ఎక్కడుందో తేల్చే తర్కం మాత్రం మారలేదు. తేల్చకుండా యూనిట్ మార్చినవారు తెగిన తీగకో తుప్పుపట్టిన ఎర్తుకో కొత్త యూనిట్ ఖరీదు చెల్లించుకున్నారు.

2019 నుంచి పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో కార్లు తయారవుతున్నాయి. వాటి ముందుపలక మీద ముల్లుకు బదులు వెలుగు గీతలు కనిపించవచ్చు, మధ్యలో చిన్న కంప్యూటరు కుదుపులను సర్ది సగటు చూపవచ్చు. అయినా నేటి అనేక కార్ల ట్యాంకులో ఇప్పటికీ ఫ్లోటూ, కడ్డీ, నిరోధకపు పట్టీయే ఉంటాయి. మరోవైపు 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు కావడంతో కార్యాలయాల ఆవరణల్లో మిగిలిన పాత జీపులకు కాలం చెల్లింది. ప్రైవేటు చేతుల్లో ఉన్న పాత జీపులను ఇష్టపడి బాగుచేయించుకునేవారికి మాత్రం ఇంధన గేజి ఇప్పటికీ పెద్ద పరీక్షే. పాత గేజికి కొత్త యూనిట్ తెచ్చి బిగించినప్పుడు రెండూ బాగానే ఉండి కూడా లెక్క కుదరకపోవడానికి కారణం, ఖాళీకి ఎన్ని ఓములు, నిండుకు ఎన్ని ఓములు అన్న కొలత సంస్థ సంస్థకూ వేరుగా ఉండటం. కొన్నింటిలో నిరోధం నిండేకొద్దీ పెరుగుతుంది, మరికొన్నింటిలో తగ్గుతుంది. అందువల్ల కొత్త యూనిట్ కొనేముందు పాతదాన్ని పారవేయకుండా, దాని కడ్డీని పూర్తిగా దించి ఒకసారి, ఎత్తి ఒకసారి మల్టీమీటరుతో కొలిచి, ఆ రెండు అంకెలకు సరిపోయే యూనిట్ కోసమే వెతకాలి. చుట్ట పూర్తిగా తెగి కొలత రానిచోట, గేజి తీగకూ ఎర్తుకూ మధ్య తెలిసిన విలువల నిరోధకాలను ఒక్కొక్కటిగా తగిలించి, ముల్లు ఖాళీ గీత మీదా నిండు గీత మీదా ఏ విలువ దగ్గర నిలుస్తుందో రాసుకోవాలి.